రిమార్కుల గడి

ఇరవై రెండు కిలోవాట్లు అని కాగితం.
కాగితం నా సంచిలో ఉంది, నాలుగు మడతల్లో.
ఖాట్మండు నుంచి రెండు బస్సులు, ఒక జీపు,
ఆపైన ఒక పూట నడక.
మోకాళ్ళకి సబ్సిడీ లేదు.

ఖోలా అంటారిక్కడ, వాగే. దాని ఒడ్డున రేకుల గది.
లోపల టర్బైను, టర్బైను ముందు పీట మీద దిల్‌సరి పున్.
ఆపరేటరు. జీతంలో సగం రొక్కం, సగం మక్కలు.
నేను పేరు చెప్పకముందే అడిగింది:
"ఆఖరి విడత తెచ్చావా?"

తేలేదు. ఇవ్వొచ్చో లేదో చెప్పేవాణ్ణి మాత్రమే నేను.
సామాను కొన్నప్పుడు ఒక విడత,
బల్బు వెలిగినప్పుడు ఒకటి,
ఏడాది దాటినా వెలుగుతూనే ఉందని
నాలాంటివాడెవడో సంతకం పెడితే మూడోది.
ఆ మూడోదాన్ని వాళ్ళు ఎప్పుడో ఖర్చుపెట్టేశారు.
పైపులు మోసిన భుజాలకి కొంత బాకీ,
బేనీ బజారు సిమెంటు కొట్టులో కొంత.

కొలిచాను. పంతొమ్మిది పాయింటు నాలుగు.
తొంభై శాతం దాటాలని రూలు,
అంటే పంతొమ్మిది పాయింటు ఎనిమిది.
తేడా ఎంతంది.
నాలుగు వందల వాట్లన్నాను.
"నాలుగిళ్ళు" అంది, తడుముకోకుండా.
ఇంటికి వంద వాట్లు వాళ్ళ లెక్క.
ఏ నాలుగో నన్నే చెప్పమన్నట్టు
ఊరివైపు చూసింది.

చైత్రం. నీళ్ళు సన్నబడ్డాయి.
ఉన్నవాటిలో సగం, పై కాలవ నుంచి
గోధుమ మళ్ళకి పోతున్నాయి,
గింజ పాలు పోసుకునే రోజులు మరి.
మా మార్గదర్శకాల్లో ఈ చైత్రం లేదు.
వాటిని ఏ వానాకాలం మధ్యాహ్నమో
కరెంటు పోయినప్పుడు
డీజిలు జనరేటరు చప్పుడులో రాసి ఉంటారు.

రేపు పొద్దున ఇంకోసారి కొలుస్తానన్నాను.
కొలవకూడదని ఎక్కడా లేదు.
ఆ పూట నేను చేసిన మంచి అదొక్కటే,
అదీ సగం, చీకట్లో దిగలేక.

రాత్రి వాళ్ళింట్లో ఢిండో పెట్టారు, గుండ్రుక్ పులుసుతో.
నిచ్చెన మెట్టు మీద కూర్చుని ఒక పిల్ల
ఎనిమిదో తరగతి పాఠం చదువుతోంది,
గట్టిగా, తప్పులతో,
తప్పు దగ్గర ఇంకా గట్టిగా.

అర్ధరాత్రి దాటాక పారల చప్పుడు.
టార్చిలైట్లు ఒకదాని వెనక ఒకటి
కొండెక్కుతున్నాయి.
కాలవ మొగలో ఆకులు తీశారట, ఇసక తోడారట,
మళ్ళకి పోయే గండ్లు మట్టితో పూడ్చారట.
ఎవరి మడి గండి వాళ్ళే.
నేను చూడలేదు.
తెల్లారి దిల్‌సరి చేతులు చూశాను.

ఇరవై పాయింటు ఒకటి.
ముల్లు కాసేపు వణికి, నిలబడింది.
రాశాను. సంతకం, తేదీ, ముద్ర.
"గండ్లు ఎన్నాళ్ళు మూసి ఉంచుతారు?"
"నువ్వు ఆ మలుపు దాటేదాకా."
నవ్వలేదు. నాకూ నవ్వాలో లేదో తెలియలేదు.

కింద రోడ్డు వారన ఇనప స్తంభాల గుట్ట.
పెద్ద లైను వాళ్ళవి. వేరే శాఖ, వేరే బడ్జెట్టు.
వచ్చే దసైంకల్లా ఊళ్ళోకి ఎక్కుతాయన్నాడు
వాటి కాపలావాడు, బీడీ ముట్టించుకుంటూ.
అప్పుడీ టర్బైను ఏం కావాలో
మా శాఖ వాళ్ళనడగలేదు, వాళ్ళు మమ్మల్నడగలేదు.
పైన నేనూ ఆ ఊసెత్తలేదు.
రేకుల గది గుమ్మంలోంచి చూస్తే
ఈ గుట్ట స్పష్టంగా కనబడుతుందని
ఇక్కడ నిలబడి తలెత్తాకే తెలిసింది.

ఫారం అడుగున రిమార్కుల గడి ఉంటుంది,
బొటనవేలంత.
పదకొండేళ్ళుగా దాన్లో 'ఏమీ లేవు' అనే రాస్తున్నాను.
బస్సు కదిలాక సంచిలోంచి తీశాను.
గోధుమ, అని రాశాను.
తర్వాతి మాట కోసం చాలాసేపు
పెన్ను పట్టుకునే ఉన్నాను.
రోడ్డు గతుకులకి
ఆ చిన్న గడినిండా చుక్కలు పడ్డాయి.